సిక్స్ లైన్ రాస్ ఇక మన దుకాణంలో దొరకదు

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మన దుకాణంలో ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే రంగు చేపల్లో రాస్ ఒక కుటుంబం; ఫెయిరీ, ఫ్లాషర్, సిక్స్ లైన్ అందులో రకాలు. ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌ల కోసం అడ్వాన్సు ఇచ్చిన నలుగురికీ ఈ నెల చేపలు రావు. ఇంకొకటి, సిక్స్ లైన్ రాస్ అమ్మడం ఈ రోజుతో మానేస్తున్నాను. మొదటి దాంట్లో నా తప్పు లేదు. రెండో దాంట్లో చాలావరకు నా తప్పే ఉంది. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పకుండా అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మన విశాఖలో నాలుగడుగులు వేస్తే సముద్రం. అయినా మన ట్యాంకుల్లోకి వచ్చే చేప ఇండోనేషియాలో బయల్దేరి, చెన్నైలో దిగి, అక్కడి నుంచి థర్మోకోల్ పెట్టెలో రాత్రి రైలెక్కి రావాలి. చెన్నైలో మనకి సరుకు పంపే ఆయనతో ఆరేళ్ల లావాదేవీ. ఈసారి ఆర్డరు కాగితం మీద రాసి ఫొటో తీసి మరీ పంపాను: సొలొరెన్సిస్ ఫెయిరీ మగది ఒకటి, ఆడవి మూడు, కార్పెంటర్ ఫ్లాషర్‌లు నాలుగు. డబ్బు మొత్తం ముందే కట్టాను. తెల్లారగట్ల స్టేషన్లో పెట్టె దించుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చి, మూత తీశాను. ఎనిమిది సంచులు. ఎనిమిదింటిలోనూ ఊదా, నారింజ గీతల ఒళ్లు, ఆకుపచ్చ తోక, ఎర్ర కన్ను. అన్నీ సిక్స్ లైన్‌లే.

ఫోన్ చేస్తే ఆయన అన్న మాట ఇది: "ఫెయిరీ స్టాకు రాలేదు సార్. పెట్టె ఆపేయడం ఎందుకని ఇవి వేశాను. రాస్ అంటే రాసే కదా సార్."

రాస్ అంటే రాసేనట! ఈ కుటుంబంలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. రెండంగుళాల పోసమ్ రాస్ ఉంది, ఆరడుగులు దాటే నెపోలియన్ రాస్ ఉంది. "అయితే నెపోలియన్‌ని కూడా పంపండి, అదీ రాసే" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ల పైనుంచీ ఈ పని చేస్తున్నాను, హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక బ్యాటరీ ఎయిర్ పంపులతో ట్యాంకుల పక్కనే పడుకున్నవాణ్ణి. నా ఆర్డరు కాగితానికి ఈయన ఇచ్చిన విలువ అదీ. చేపలు వెనక్కి తీసుకోమంటే ప్రాణమున్న సరుకు వాపసు ఉండదన్నాడు. తర్వాతి బిల్లులో సగం తగ్గిస్తానన్నాడు. ఆ సగం నాకు అక్కర్లేదని ఫోన్ పెట్టేశాను. తెలివైన పని కాదని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. కాదనే నాకూ తెలుసు.

మరి ఎనిమిదీ అమ్మేసుకోవచ్చుగా అంటారు. సిక్స్ లైన్ కోసం నెలకి ఇద్దరు ముగ్గురు అడుగుతూనే ఉంటారు. చిన్న చేప, మూడంగుళాలు దాటడం తక్కువ. గట్టిది, ఏది వేసినా తింటుంది, రాళ్ల సందుల్లో దూరి ఫ్లాట్‌వార్మ్‌లనీ (ట్యాంకులో పట్టే బల్లపరుపు పురుగులు) చిన్నచిన్న పురుగులనీ ఏరుకుంటుంది. ఇన్నాళ్లూ నేనే ఎంతమందికి చేతిలో పెట్టానో. సరిగ్గా అక్కడే నాకు గొంతులో వెలక్కాయ పడింది.

రెండేళ్ల కిందట ఒక మాస్టారికి ఫ్లాట్‌వార్మ్‌లు పట్టాయంటే సిక్స్ లైన్ ఇచ్చాను. మూడడుగుల ట్యాంకు. ఎనిమిది నెలల తర్వాత ఆయన ముచ్చటపడితే మగ ఫెయిరీని కూడా నేనే ఇచ్చాను, "ఏం కాదు, రెండూ చిన్నవే" అని. మూడో రోజుకి దాని రెక్కలు చీలికలు. నాలుగో రోజు పొద్దున్న అది టీవీ స్టాండు కింద ఎండిపోయి దొరికింది. ఆయన కాగితంలో చుట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టి, "ఏటండీ ఇది, రెండూ మీరిచ్చినవే కదా" అన్నారు. నేను ఏమన్నానో తెలుసా? "మూతకి వెనక సందుంది మాస్టారూ, రాస్ దూకుతుందని చెప్పానుగా" అన్నాను. మూతకి సందు ఉన్న మాట నిజమే. కానీ సిక్స్ లైన్ తరిమితేనే ఆ చేప దూకిందని నాకు తెలుసు. తెలిసీ మూత మీదకి నెట్టేశాను. ఆయన మళ్లీ దుకాణానికి రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. నా మాటే నిజమని చూపించడానికి దుకాణంలో పెద్ద ట్యాంకులో, అప్పటికే సిక్స్ లైన్ ఉన్నదాంట్లో, ఒక ఫ్లాషర్‌ని వేశాను. పద్ధతి ప్రకారమే చేశాను. చిల్లుల అక్రిలిక్ పెట్టెలో పెట్టి, ట్యాంకు లోపలే వేలాడదీసి, పది రోజులు ఒకదాన్నొకటి చూసుకోనిచ్చాను. వదిలాక పగలంతా ఏ గొడవా లేదు. ఫొటో కూడా తీశాను, మాస్టారికి పంపుదామని. రాత్రి లైట్లు ఆరిపోయాక ఎర్ర టార్చి వేసి చూస్తే అప్పుడర్థమైంది. ఫ్లాషర్ పడుకోవడానికి ఒక సందులో దూరుతుంది, సిక్స్ లైన్ వచ్చి తరుముతుంది. ఇంకో సందు, మళ్లీ తరుముడు. రాళ్లన్నీ దానివే. చివరికి ఫ్లాషర్ వెళ్లి ఓవర్‌ఫ్లో పెట్టెలో (ట్యాంకు పైనీళ్లు పొర్లిపోయే అర) పడింది. సిక్స్ లైన్‌ని పట్టడానికి ఒక ఆదివారమంతా పట్టింది, ట్యాంకులో ఉన్న ప్రతి రాయీ బయటికి తీయాల్సి వచ్చింది. ఆ ఫొటో ఎవరికీ పంపలేదు.

సిక్స్ లైన్‌ని తిట్టి లాభం లేదు. సముద్రంలో అది పగడాల కొమ్మల మధ్య తన జాగాలో తాను తిరిగే చేప. ఫెయిరీలు, ఫ్లాషర్‌లు పైన నీళ్లలో గుంపుగా తిరుగుతూ ప్లాంక్టన్‌ని, అంటే నీళ్లలో తేలే చిన్నచిన్న జీవుల్ని, తింటాయి. అక్కడ ఎవరి దారి వారిది. మూడడుగుల గాజు పెట్టెలో ఉన్నదే నాలుగు రాళ్లు, అవి మొత్తం ఒకదాని జాగా అయిపోతాయి. ఫెయిరీలకి కూడా రాత్రి పడుకోవడానికి ఆ రాళ్ల సందులే కావాలి.

పెట్టె వచ్చిన రాత్రి మా ఆవిడ, అమ్మితే ఎంతొస్తుంది, మానేస్తే ఎంత పోతుంది, రాసి చూపించమంది. లెక్కలు తనే చూస్తుంది కాబట్టి అడిగే హక్కు ఉంది. రాశాను. మనం మానేస్తే పక్కవాడు అమ్ముతాడు, చేపకి ఒరిగేదేమీ లేదు, అదీ రాశాను. ఒకసారి అమ్మేద్దామని, ఒకసారి వద్దని. నాలుగు రోజులు అదే టెన్షన్. ఎనిమిది చేపలూ ఎనిమిది గాజు అరల్లో ఉండి, నేను దగ్గరికి వెళితే చాలు, తిండి కోసం గాజుకి అతుక్కునేవి. ఐదో రోజు పొద్దున్న ఒకాయన వచ్చి రెండు కావాలన్నాడు. ట్యాంకులో ఏమున్నాయని అడిగితే, "మొన్న మీ దగ్గర తీసుకున్న ఫ్లాషర్ ఒక్కటే" అన్నాడు. ఆ లెక్కల కాగితం చింపేశాను.

వేరే రాస్‌లు లేని ట్యాంకులకి, ముందు ఫొటో చూసి, ఇంటికొకటి చొప్పున ఐదు ఉచితంగా ఇచ్చేశాను. మూడు మిగిలాయి. కావాలంటే ఫొటో పంపండి. మీ ట్యాంకులో ఫెయిరీలు గానీ ఫ్లాషర్‌లు గానీ ఉంటే మాత్రం అడగొద్దు, మొహమాటం లేకుండా కాదంటాను.

ఇకనుంచి రాస్ కొనడానికి వస్తే రంగు అడిగేముందు నేను మీ ట్యాంకులో పడక ఎక్కడుందో అడుగుతాను. ఫెయిరీలూ ఫ్లాషర్‌లూ రాళ్ల సందుల్లో పడుకుంటాయి, కొన్ని జిగురు గూడు కట్టుకుని మరీ. హాలికోయిరెస్ అనే రకం రాస్‌లు, లెపర్డ్ రాస్‌లు ఇసుకలో కూరుకుపోయి పడుకుంటాయి, వాటికి కనీసం రెండంగుళాల సన్నటి ఇసుక ఉండాలి. కింద గాజు కనబడే ట్యాంకులకి అవి ఇవ్వను. ఫ్లాట్‌వార్మ్‌ల కోసం సిక్స్ లైన్ అడిగేవాళ్లకి హాలికోయిరెస్‌లో పసుపుది ఇస్తాను. పురుగులు ఏరడంలో ఏమీ తీసిపోదు, రాత్రయితే ఇసుకలోకి పోతుంది కాబట్టి రాళ్ల కోసం కొట్లాట తక్కువ. దీన్ని బజారులో ఎల్లో కోరిస్ అంటారు. ఆ పేరు నమ్మి తెల్ల మచ్చల నారింజ రంగు చేపపిల్లని, అదే రెడ్ కోరిస్‌ని, తెచ్చుకోకండి. అది అడుగు దాటి పెరిగి మీ రాళ్లు తిరగేస్తుంది.

ఒక జాతిలో మగది ఒక్కటే, దాంతో ఆడవి. మగది లేకపోయినా కంగారు లేదు, ఆడవాటిలో పెద్దది మగదిగా మారుతుంది. రెండు మూడు రకాలు పెట్టాలనుకుంటే వీలైనంతవరకు ఒకేసారి వేయండి, ముందు వచ్చింది ఇల్లు నాదే అనుకోకుండా. చిల్లుల పెట్టెలో నాలుగైదు రోజులుంచి, లైట్లు ఆరే వేళకి వదలండి. పాత చేప మరీ మీద పడుతుంటే గాజుకి బయట అద్దం ఆనించండి, దానికి తన నీడతోనే సరిపోతుంది. ఆ పెట్టెలు నా దగ్గర మూడున్నాయి, అద్దె లేదు, తిరిగి ఇస్తే చాలు. మూత జాలీ కన్ను ఆరు మిల్లీమీటర్లు మించకూడదు, వైర్ల కోసం వదిలిన సందుతో సహా. రాతి పగడాలు ఉన్నాయా అని అడిగేవాళ్లకి ఎప్పటి జవాబే: వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, మన దగ్గర ఉండవు.

కొత్త సరుకు వేరే ఆయన దగ్గర చెప్పాను. సంచి కట్టేముందు ప్రతి చేపకీ వీడియో పంపాలన్నది షరతు. వచ్చాక మూడు వారాలు నా దగ్గరే ఉంచి, తింటున్నాయని చూశాకే ఇస్తాను. ఇసుకలో పడుకునేవాటికి గాజు గిన్నెలో ఇసుక పోసి పెడతాను. ఆగలేనివాళ్లు ఎప్పుడైనా వచ్చి అడ్వాన్సు తీసుకెళ్లండి, కారణం అడగను.

మాస్టారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆయన ఫెయిరీ డబ్బు కవరులో పెట్టి క్యాష్ డ్రాయరులో ఉంచాను. ఆయనకి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పండి, మూత సంగతి నేను ఎత్తనని కూడా.