తొట్టె కొన్న రోజే చేపను అమ్మవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు పెట్టుకునే అభిరుచి గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఛాయాచిత్రాలు చాలా బాగున్నాయి. తొట్టెల కొలతలు, ధరలు, దుకాణాల ఫోన్ నంబర్లు కూడా ఇచ్చారు. కానీ తొట్టెలో నీళ్లు పోసిన రోజుకూ మొదటి చేపను వదిలే రోజుకూ మధ్య ఎంత కాలం గడవాలో ఆ పేజీలో ఎక్కడా లేదు. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత ఇంట్లో పగడాలనే సముద్రజీవులనూ చేపలనూ పెంచే ఉప్పునీటి తొట్టె (రీఫ్ ట్యాంకు) పెట్టుకుని, ఆ ఒక్క విషయం తెలుసుకోకుండా తొందరపడి మొదటి పక్షంలోనే నాలుగు ప్రాణాలు తీసినదానిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట హైదరాబాదులోని ఒక దుకాణంలో 200 లీటర్ల తొట్టె, ఉప్పు, దీపాలు కొన్నాను. "నీళ్లు ఒక్క రాత్రి తేరుకుంటే చాలమ్మా, రేపే చేపలు పట్టుకెళ్లండి" అన్నారు. మర్నాడు రెండు క్లౌన్ చేపలు, ఒక డాంసెల్ చేప, ఒక రొయ్య తెచ్చి వదిలాము. ఆరో రోజున రొయ్య కదలడం మానేసింది. చేపలు నీటి పైభాగానికి వచ్చి మొప్పలు ఎగరేస్తూ ఊపిరికోసం పెనుగులాడాయి, పదో రోజుకు ఒక్కటీ మిగలలేదు. అప్పటికీ తొట్టెలో నీరు అద్దంలా తేటగానే ఉంది. ఏ నీరు చూసి మా మనవరాలు మురిసిపోయిందో ఆ నీరే వాటిని చంపిందని టెస్ట్ కిట్ కొని చూశాక గాని నాకు అర్థం కాలేదు.

చేప మొప్పల నుంచి వెలువడేది, మిగిలిన మేత కుళ్లినప్పుడు పుట్టేది అమ్మోనియా. మంచినీటి తొట్టెలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత) 7 దగ్గర ఉంటే ఆ అమ్మోనియాలో అధిక భాగం అంతగా హాని చేయని అమ్మోనియం అయానుగా ఉంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కనుక, మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా అందులో విషరూపంలో ఉండే వాయువు పది రెట్లకు పైగా పెరుగుతుంది. అందుచేత మంచినీటి రంగుచేపలను ఏళ్ల తరబడి పెంచిన అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడ దెబ్బతింటారు. ఈ విషాన్ని తొలగించేవి బ్యాక్టీరియా. ఒక వర్గం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, మరో వర్గం ఆ నైట్రైటును చాలావరకు నిరపాయకరమైన నైట్రేటుగా మారుస్తుంది. ఈ సూక్ష్మజీవులు రాళ్ల రంధ్రాల్లోనూ ఇసుకలోనూ స్థిరపడి తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అభిరుచి ఉన్నవారు దీనినే సైక్లింగ్ అంటారు.

ఈ కాలంలో తొట్టెలో ప్రాణి ఉండవలసిన అవసరం లేదు. రాళ్లు పేర్చి, ఉప్పునీరు నింపి, నీటిని కదిలించే వేవ్‌మేకర్ తిరుగుతుండగా అమ్మోనియం క్లోరైడు ద్రావణాన్ని అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపేంతవరకు కలిపి, రోజు విడిచి రోజు పరీక్ష చేస్తూ ఉండాలి. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు పెరుగుతుంది, తరువాత నైట్రైటూ తగ్గుతుంది. మళ్లీ అంతే అమ్మోనియా కలిపినప్పుడు 24 గంటల్లో రెండూ సున్నాకు వస్తే, సగానికి పైగా నీరు మార్చి, అప్పుడు ఒకటో రెండో చేపలను తెచ్చుకోవచ్చు. పగడాల కోసం ఇంకా కొన్ని నెలలు ఆగాలి. ఈ మధ్యలో రాళ్లమీద గోధుమరంగు నాచు కడుతుంది, చూడడానికి అసహ్యంగా ఉంటుంది, ఆ దశలోనే చాలామంది నిరుత్సాహపడి తొట్టెను అమ్మేస్తారు. అది కూడా గడిచిపోయే దశేనని ముందే ఎవరైనా చెప్పి ఉంటే వారిలో కొందరైనా నిలబడేవారని నా నమ్మకం.

నీటి సంగతి కూడా చెప్పాలి. మా ప్రాంతపు బోరు నీరు ఇందుకు బొత్తిగా పనికిరాదు. వంటింటి ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే నీటిలోనూ లవణాలు కొంత మిగిలే ఉంటాయి. ఆర్‌ఓ తరువాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కూడా దాటి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున, అంటే 200 లీటర్లకు ఏడు కిలోల అక్వేరియం ఉప్పు కలపాలి. వంట ఉప్పు సోడియం క్లోరైడు మాత్రమే. పగడం తన గూడు కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు అందులో దొరకవు. విశాఖలో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకరు తీరం నుంచే డబ్బాలతో నీరు తెచ్చుకునేవారు. వానాకాలం తరువాత నదుల వరద కలిసి బంగాళాఖాతపు తీరజలాల్లో ఉప్పదనం బాగా తగ్గిపోతుందని, దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూసుకున్నాక ఆయన ఆ పని మానుకున్నారు. ఇంకొకటి: తొట్టెలో నీటిమట్టం తగ్గినప్పుడు ఉప్పునీరు పోయరాదు. ఆవిరై పోయేది నీరే, ఉప్పు లోపలే మిగులుతుంది కనుక శుద్ధమైన మంచినీటినే పోయాలి. ఇది బడిలో చదువుకున్న పాఠమే అయినా, తొట్టెలో చేపలు ఉన్నప్పుడు చాలామంది మరచిపోతారు.

మీ కథనంలో తొట్టె ధర ఉంది, నీటిని చల్లబరిచే చిల్లర్ ధర లేదు. పగడాలకు 25, 26 డిగ్రీల నీరు కావాలి. మే నెలలో మన గదుల్లో చిల్లర్ లేకుండా అది సాధ్యం కాదు. వేడి పెరిగితే పగడం తన దేహంలో ఉండి ఆహారం అందించే సూక్ష్మ శైవలాలను (నాచు వంటి జీవులను) వదిలేసి తెల్లబడుతుంది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని ప్రకటించారు, మన లక్షద్వీప్ పగడపు దిబ్బలూ ఆ ఏడాది తెల్లబడ్డాయి. మహాసముద్రమే తట్టుకోలేని ఆ తాపాన్ని 200 లీటర్ల నీరు తట్టుకోలేదు. చిల్లర్‌కూ దాని కరెంటు బిల్లుకూ, కరెంటు పోయినప్పుడు వేవ్‌మేకర్ ఆగకుండా ఇన్వర్టర్‌కూ స్తోమత లేనప్పుడు పగడాల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పగడాల విషయంలో అమ్మేవారు చెప్పని మాట మరొకటి ఉంది. మన ఆడవాళ్లు నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్ర పగడం వేరు, దిబ్బలు కట్టే రాతి పగడం వేరు. ఈ రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి ఉన్న జాబితాలోనే, చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో పట్టుకొచ్చిన ముక్కను కొనడం నేరం. విదేశాల నుంచి వచ్చే రాతి పగడాలు, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఆ ఒప్పందపు పట్టికల్లోని విదేశీ ప్రాణులను ఇంట్లో ఉంచుకునేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కొనేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు? చేపల విషయంలోనైతే దారి సులువు. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని ఏనాడో రూపొందించింది. అలా పుట్టినవి మేతకు అలవాటుపడి ఉంటాయి, జాగ్రత్తగా చూసుకుంటే ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి. దిబ్బల మీద సయనైడు చల్లి మత్తెక్కించి పట్టిన చేపలు ఇల్లు చేరాక కొద్దివారాల్లోనే చనిపోవచ్చు.

మొదటిసారి పెట్టుకునేవారికి తేలికని చెప్పి అంటగట్టే జోయాంథిడ్ పగడాల్లో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని ఉత్త చేతులతో గీకరాదు, శుభ్రం చేయడానికి మరిగించరాదు, ఆ ఆవిరి పీల్చినా ప్రమాదమే. చిన్నపిల్లలున్న ఇళ్లకు ఈ సంగతి చెప్పకుండా అమ్మడం నా దృష్టిలో క్షమించరాని విషయం.

దుకాణదారులను నేను కోరేది ఒక్కటే. తొట్టె కొన్న రోజే చేపను అమ్మకండి. నెలన్నర తరువాత నీటి నమూనా తెమ్మనండి, మీ కిట్‌తోనే పరీక్షించి, అమ్మోనియా, నైట్రైటు సున్నా చూపితేనే చేపను సంచిలో కట్టి ఇవ్వండి, బిల్లు మీద అది హేచరీలో పుట్టినదో సముద్రంలో పట్టినదో రాయండి. నేను రెండోసారి రెండు నెలలు ఆగి తెచ్చుకున్న క్లౌన్ జంట అయిదేళ్లుగా మా ఇంట్లో ఉంది, ఆడచేప రాతి పక్కన గుడ్లు పెడుతుంటే మగచేప కాపలా కాస్తోంది.

మీ కథనంలోని ఫోన్ నంబర్లు చూసి ఈ వారమే కొందరు దుకాణాలకు వెళ్లి ఉంటారు. తొట్టెలో నీళ్లు నింపి, చేపల కోసం రేపు బయలుదేరబోతున్న వారికోసమైనా ఈ ఉత్తరాన్ని వచ్చే ఆదివారం లోగా ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాదు