కాటాకి వయసు తెలీదు కదరా శీనూ

ఒరే శీనూ,

మొన్న ఆదివారం నీ టిఫిన్ హోటల్లో ప్లేట్లు అందించే కుర్రాడి గురించి నువ్వు "చిన్నోడికి చిన్న జీతం, ఇందులో తప్పేముందిరా" అని ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. కోపమొచ్చి కాదులే. చెప్పాల్సిన మాట ఎప్పుడూ ఫోన్ పెట్టేశాకే గుర్తొస్తుంది నాకు, చిన్నప్పట్నుంచీ అంతే కదా. వాయిస్ మెసేజ్ పెడదామంటే నువ్వు రెట్టింపు స్పీడులో వింటావు, సగం మింగేస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నా. పెనం చల్లారాక, గల్లా లెక్క తేలాక, తీరిగ్గా చదువు.

అసలు గొడవ మా పెద్దదానితో మొదలైంది. దానికి 16 నిండాయి, 2025 సెప్టెంబర్ నుంచి శనివారాలు ఒక కాఫీ షాపుకి పనికి వెళ్తోంది. ఇక్కడ బ్రిటన్లో అదేం పరువు తక్కువ పని కాదు, డాక్టర్ల పిల్లలు కూడా వెళ్తారు. మీ చెల్లెలు మాత్రం మొదటి వారమంతా "మనకేం తక్కువైందని దాన్ని కప్పులు కడగడానికి పంపడం" అని నాతో మాట్లాడలేదు. మొదటి పేస్లిప్ వచ్చిన రోజు పిల్ల దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. గంటకి 7 పౌండ్ల 55 పెన్నీలు. అందరం తెగ సంబరపడ్డాం.

ఆ సంబరం రెండు వారాలు. అదే షాపులో మన నరసరావుపేట వైపు కుర్రాడొకడున్నాడు, ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు, 23 ఏళ్ళు. చదువుకునే వీసా కాబట్టి కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు, ఒక్కో గంటనీ బంగారంలా చూసుకుంటాడు పాపం. వాడు చేరింది మా పిల్ల తర్వాత. పాలు నురగ తెప్పించడం, గల్లా మూసే ముందు డబ్బు లెక్కపెట్టడం, అన్నీ వాడికి నేర్పింది ఇదే. వాడికి గంటకి 12 పౌండ్ల 21. అదే మెషిన్, అదే క్యూ, చక్కెర తక్కువైందని అరిచే అదే ముసలాయన. ఏడు గంటల షిఫ్ట్ అయ్యేసరికి ఇద్దరి మధ్య 32 పౌండ్ల పైన తేడా. ఇంకో తమాషా ఏంటంటే వాళ్ళ షాపులో టిప్పులు మాత్రం గంటల లెక్కన అందరికీ సమానంగా పంచుతారు. గిన్నెలో పడ్డ చిల్లరకి లేని వయసు జీతానికి ఎందుకొచ్చిందో ఇంటికొచ్చి నన్నడిగింది. నేను చెప్పలేకపోయా. పైగా "పోనీలే, పాకెట్ మనీయే కదా" అనేశా. ఆ మాటకి అది చూసిన చూపు నీకు చెప్పలేను.

షాపు వాళ్ళేం మోసం చేయట్లేదు, చట్టమే అలా ఉంది. ఈ దేశంలో కనీస వేతనం 1999లో వచ్చింది. అప్పుడు పెద్దలకి గంటకి 3 పౌండ్ల 60, 18 నుంచి 21 దాకా వాళ్ళకి 3 పౌండ్లు, 16, 17 ఏళ్ళ వాళ్ళకి అసలు ఏమీ లేదు. వాళ్ళకంటూ ఒక రేటు 2004లో గానీ పెట్టలేదు. 16 లోపు వాళ్ళకి ఇప్పటికీ లేదు, పేపర్లు వేసే పిల్లలకి ఎంతిస్తే అంత. సరే, పెద్దలంటే ఎవరు? 2016లో పై రేటు కావాలంటే 25 నిండాలన్నారు. 2021లో 23కి దించారు, 2024లో 21కి. ఇప్పుడున్న ప్రభుత్వం 18కే దించుతాం, కానీ మెల్లగా అంటోంది. చూశావా, పెద్దరికం మెట్లు దిగుతూ వస్తోంది. పిల్లల చేతులు ఎప్పుడు పనికి ముదురుతాయో ఎవరో కొలిచి పెట్టిన గీతైతే ఇన్నిసార్లు జరగదురా. అది బేరం. మన మిర్చియార్డులో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ఆడిన బేరం లాంటిదే, కాకపోతే సూటు వేసుకుని ఆడతారు.

నీ వైపు వాదన లేదనను. అనుభవం లేనివాడికి, ఉన్నవాడికి ఒకటే రేటంటే యజమాని అనుభవం ఉన్నవాణ్ణే తీసుకుంటాడు, పిల్లాడికి మొదటి ఉద్యోగమే దొరకదు. ఇక్కడ ఈ భయం నిజంగానే ఉంది, పనికోసం తిరుగుతున్న కుర్రకారు తక్కువేం లేరు. కానీ నాకు ఈమధ్యే తెలిసిన సంగతి ఒకటి చెప్తా విను. పనివాడికి 21 నిండకపోతే, మామూలు జీతాల వరకూ, యజమాని తన వంతు నేషనల్ ఇన్సూరెన్స్, అంటే జీతం మీద సర్కారుకి కట్టే పన్ను లాంటిది, కట్టక్కర్లేదు. పెద్దవాళ్ళకైతే ఒక హద్దు దాటాక నూటికి 15 కట్టాలి. అంటే సర్కారు ఒక తగ్గింపు ముందే ఇచ్చేసింది. దాని మీద పిల్ల జీతంలోంచి ఇంకో తగ్గింపు. నువ్వైతే ఒకే ప్లేటు ఇడ్లీకి రెండు డిస్కౌంట్లు ఇస్తావా?

అమెరికాలో మా బావమరిది ఉన్న చోట ఇంకో పద్ధతి. 20 నిండని వాళ్ళకి మొదటి 90 రోజులు గంటకి 4 డాలర్ల 25 ఇవ్వొచ్చు, తర్వాత మామూలు రేటు రావాలి. ఆ మామూలు రేటు 2009 నుంచి 7 డాలర్ల 25 దగ్గరే ఆగిపోయిందనేది వేరే ఏడుపు. అయినా ఈ 90 రోజుల లెక్క నాకు కొంత మింగుడు పడింది. పని నేర్చుకునే రోజులకి తక్కువ ఇస్తానంటే అర్థముంది, ఎన్నాళ్ళో కూడా తెలుస్తుంది. అలాగైతే ఆ నరసరావుపేట కుర్రాడికి మొదటి మూడు నెలలు తక్కువ రావాలి, వాడికి నేర్పిన మా పిల్లకి ఎక్కువ రావాలి. వయసుతో పనేముంది?

ఇంకొకటి. వాళ్ళ షాపులో ఒకబ్బాయికి నవంబర్లో 18 నిండాయి. ఒక్క రాత్రిలో గంటకి 7.55 కాస్తా 10 పౌండ్లయింది. కేక్ కోశారు, పాట పాడారు. తర్వాతి నెల నుంచి వాడికి వారానికి మూడున్న షిఫ్టులు ఒక్కటికి తగ్గాయి. ఎందుకని అడిగితే "బిజినెస్ డల్" అన్నారట. అయ్యుండొచ్చు, నేను చూడలేదు.

ఇప్పుడు మన సంగతికొస్తా. మిరప కోతలు గుర్తున్నాయా? జనవరి ఎండలో, చేతులు మండి, రాత్రి మజ్జిగలో ముంచుకుని పడుకునేవాళ్ళం. పెద్దోళ్ళకి రోజుకూలి, మనకి అరకూలి. మేస్త్రి మన తలలు లెక్కపెట్టేటప్పుడు "వీళ్ళిద్దరూ ఒకడు" అనేవాడు. నవ్వేవాళ్ళం అప్పుడు. మా అమ్మకీ మగకూలి కంటే తక్కువే ఇచ్చేవాళ్ళు, ఆడవాళ్ళ చేతికి బలముండదని. ఆడా మగా తేడా చూడకూడదని 1976లోనే చట్టం వచ్చింది, మన ఊరికి ఆ వార్త ఎవరూ మోసుకురాలేదు. ఆ సాకుని ఇప్పుడు పైకి అనడానికి సిగ్గుపడుతున్నాం. పిల్లల విషయంలో ఇంకా ధైర్యంగానే అంటున్నాం.

కానీ పత్తి తీత? అక్కడ కిలో లెక్క. ఒడి నింపుకొచ్చి కాటా మీద పెడితే ముల్లు ఎక్కడ ఆగితే అన్ని డబ్బులు. నీకెన్నేళ్ళని ఏ కాటా అడిగింది? నువ్వు మీ బాబాయి కంటే ఎక్కువ తీసిన రోజు మీ బాబాయి సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. వీడి వేళ్ళు దూది కోసమే పుట్టాయన్నారు. అప్పుడు నీకు 13.

రాసుకుంటూ రాసుకుంటూ ఇక్కడికొచ్చి ఆగిపోయాన్రా. ఆ ఏడాదే నువ్వు దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. పూర్తి డబ్బులొచ్చాయి కాబట్టే రాలేదు. జర్మనీ వాళ్ళు 2015లో కనీస వేతనం తెచ్చినప్పుడు, వృత్తి శిక్షణ పూర్తికాని 18 లోపు పిల్లలకి అది వర్తించదన్నది ఇందుకే. చేతిలో డబ్బు పడితే పిల్లాడు నేర్చుకునేది మానేస్తాడని. నిన్ను తల్చుకుంటే ఆ మాట కొట్టిపారేయలేను. కానీ మళ్ళీ, అరకూలి ఇచ్చే మిరప చేలో కూడా పిల్లలు నిండుగానే ఉండేవాళ్ళు కదా. అవసరమున్న ఇంటి పిల్లాడు సగానికైనా వస్తాడు, సగానికే వస్తాడని తెలిసినవాడు వాణ్ణే పిలుస్తాడు. నిన్ను బడికి దూరం చేసింది కాటా కాదు, మీ నాన్న తీర్చాల్సిన పురుగుమందుల బాకీ.

మన దేశంలో 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే పెద్దలకి ఒక రేటు, 14 నుంచి 18 మధ్య వాళ్ళకి ఒకటి, ఇంకా చిన్నవాళ్ళకి ఒకటి పెట్టుకునే వీలుండేది. కాబట్టి నువ్వేం కొత్తగా కనిపెట్టలేదులే. కానీ ఇంకో చట్టముంది, అది నువ్వు చూసుకోవాలి. 18 నిండని వాళ్ళతో రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా పని చేయించకూడదు. నీ ఇడ్లీ అమ్ముడయ్యేదే 8 లోపు కదరా! ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడో తెలీదు, ఇక నీకు టెన్షన్. బెదిరించట్లేదు, చెప్తున్నా.

వాడు గ్యాస్ బండ ఎత్తలేడు, అందుకే తక్కువ అన్నావు. మీ వంట మాస్టర్ ఎత్తుతున్నాడా? మొన్న వీడియో కాల్‌లో చూశా, బండ దొర్లించింది నువ్వే. ఆ కుర్రాడు ఒక చేత్తో నాలుగు ప్లేట్లు పట్టుకుని పరిగెడుతున్నాడు. వాడికి పెద్ద సప్లయర్ జీతం ఇవ్వు, పొద్దున 8 తర్వాత రమ్మను, మిగతా టైములో ఏం చదువుతాడో కనుక్కో. నష్టమంటావా, నెలకి ఎంతో లెక్కేసి పంపు, మొదటి ఆర్నెల్లు సగం నేను పెట్టుకుంటా. తిట్టుకో, కానీ పంపు.

ఇక్కడ 2026 ఏప్రిల్ నుంచి మా పిల్ల రేటు 8 పౌండ్లు. పెద్దలది 12.71. 45 పెన్నీల కోసం క్యాలెండర్లో నక్షత్రం గీసుకుంది. మేం వేసవికి వస్తున్నాం, జులై చివర్లో. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి.

అన్నట్టు, ఆ కుర్రాడి పేరేంట్రా? రెండేళ్ళుగా "చిన్నోడు" అనే అంటున్నావు.

నీ,
రాంబాబు