కృష్ణకు ఒకే వరద ప్రణాళిక కావాలి

మహారాష్ట్ర నుంచి హంసలదీవి దాకా కృష్ణా నదికి ఒకే వరద ప్రణాళిక లేకపోవడం విజయవాడకు పెద్ద ముప్పు. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌లో మా వీధిని బుడమేరు వాగు ముంచెత్తితే మేడెక్కి బతికాం, కింది వాటాలో చెంచా కూడా మిగల్లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కృష్ణ నిండుగా ఉంటే వెలగలేరు దగ్గర మళ్లించిన బుడమేరు నీరు ఇబ్రహీంపట్నం వైపు నదిలో కలవలేక వెనక్కి ఎగదన్నుతుంది. బుడమేరు కట్టల గండ్లు పూడ్చితే సరిపోతుందనేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు. పైగా ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరు నది, నాగార్జునసాగర్, పులిచింతల డ్యాముల గేట్లతో పనిలేకుండా బ్యారేజీ ఎగువన కలుస్తుంది. కాబట్టి పై డ్యాముల నుంచి ఎప్పుడు ఎంత వదులుతారన్నది మాకు ప్రాణసంకటం. ఐరోపాలోని రైన్ నది దేశాలు 1950లోనే ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. 1993, 1995 వరదల దెబ్బ తిన్నాక 1998లో కలిసి వరద కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నాయి. వేర్వేరు దేశాలు చేసిన పని ఒకే దేశంలోని నాలుగు రాష్ట్రాలకు చేతకాదా? మన కృష్ణా నది యాజమాన్య బోర్డు రెండు తెలుగు రాష్ట్రాలకే పరిమితం. కేంద్రం మహారాష్ట్ర, కర్ణాటకలను కూడా కూర్చోబెట్టి, ఆగస్టు, సెప్టెంబరుల్లో జలాశయాల్లో ఎంత ఖాళీ ఉంచాలో ముందే రాయించాలి. గేట్లెత్తే కబురు వార్డు సచివాలయాల ద్వారా కనీసం 24 గంటల ముందు ఇంటింటికీ చేరాలి.

– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ