చెవి ట్యాగు చూస్తే యజమాని ఎవరో తెలియదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో రోడ్ల మీద పశువుల గురించి వార్త వేశారు. ‘యజమానులెవరో తెలియక జరిమానాలు వేయలేకపోతున్నాం’ అని అధికారులు అన్నట్టు అందులో ఉంది. నాలుగు రోజులు ఊరుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

మా వీధిలో తిరిగేవి ఆరు ఆవులు. తెల్లవారుజామున పాలు పిండుకోగానే పలుపు విప్పి వీధిలోకి తోలేస్తారు. ముందు మార్కెట్ వెనక చెత్తకుప్ప, తర్వాత బస్టాండు, మధ్యాహ్నానికి స్కూలు గేటు. సాయంత్రం పాలవేళకు ఏ ఇంటి ఆవు ఆ ఇంటికి తనంతట తానే వెళ్తుంది. దూడ అక్కడ కట్టేసి ఉంటుంది కదా! ఒక్క సాయంత్రం దాని వెనక పది నిమిషాలు నడిస్తే యజమాని ఇల్లు తెలిసిపోతుంది.

అంత నడవక్కర్లేదు కూడా. ఆ ఆరింటిలో ఐదింటి చెవులకు పసుపు ట్యాగులున్నాయి. గాలికుంటు టీకాలప్పుడు పశువైద్య సిబ్బంది వేసినవే. ఒక్కోదాని మీద 12 అంకెలు. ఆ నంబరు కొడితే పశువు ఎవరిదో, ఏ టీకా ఎప్పుడు వేశారో కంప్యూటర్లో కనిపించాలనే కదా ఆ ట్యాగు వేసింది! టీకాకు పనికొచ్చిన నంబరు జరిమానాకు ఎందుకు పనికిరాదు? ఒక శాఖ దగ్గరున్న వివరాన్ని ఇంకో శాఖ ఫోన్ చేసి అడగడానికి ఇన్నేళ్లు పట్టాలా?

సంక్రాంతికి ముందు మా తమ్ముడి కొడుకు రాత్రి పదింటికి బండి మీద వస్తున్నాడు. మంచు, పైగా వీధి లైట్లు లేవు. రోడ్డు మధ్యలో పడుకున్న నల్లావు కనపడక దాన్నే గుద్దుకున్నాడు. మణికట్టు విరిగి రెండు నెలలు పనికి పోలేదు. ఆ ఆవు నడుము పడిపోయి తెల్లారేదాకా అక్కడే అరుస్తూ ఉంది. నాదని ఒక్కరూ రాలేదు. మర్నాడు దాని పాలు ఎవరు పిండుకోవాలో వాళ్లకైనా తెలుసు కదా?

నేను పశువులంటే గిట్టనిదాన్ని కాను. గేదెలున్న ఇంట్లో పుట్టి పెరిగాను. రెండు గేదెల పాడి మీదే మా అమ్మ నన్ను టీచర్ ట్రైనింగ్ చదివించింది. మా గేదె ఒకసారి పక్కవాళ్ల చేలో పడితే బందెలదొడ్డికి తోలారు. డబ్బు కట్టి విడిపించుకొచ్చేదాకా మా నాన్నకు అన్నం సయించలేదు, అంత నామోషీ పడ్డాడు. బందెలదొడ్లకు 1871లోనే చట్టం ఉంది. మా పట్టణంలో బందెలదొడ్డి ఉన్న చోట ఇప్పుడు షాపులు కట్టారు, అద్దెలు వస్తున్నాయి. పట్టుకున్న పశువును కట్టేయడానికి మాత్రం గజం జాగా లేదు.

ఇక చెత్తకుప్ప. మొన్న మా గేటు ముందు ఒక ఆవు మిగిలిన సాంబారు మూట కట్టి పారేసిన ప్లాస్టిక్ సంచిని సంచితో సహా మింగేసింది. సగం లాగాను, మిగతాది లోపలికి పోయింది. ఇలాంటి ఆవుల కోసం పుట్టపర్తిలో జంతువుల్ని కాపాడే కరుణ సొసైటీ అనే సంస్థ 2012లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. పలుచని ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం కూడా వచ్చింది. మా మార్కెట్లో ఆ సంచులు ఇవాళ కూడా అమ్ముతున్నారు. పందుల సంగతి వేరే చెప్పాలా? 1999లో పందుల నుంచి దోమల ద్వారా సోకే మెదడువాపు వ్యాధికి మన రాష్ట్రంలో పిల్లలు చనిపోయినప్పుడు ఊళ్లలోంచి పందుల్ని తరిమారు. ఇప్పుడు మళ్లీ అంగన్‌వాడీ పక్క కాలువలోనే పొర్లుతున్నాయి.

పశువును నిర్లక్ష్యంగా వదిలి మనుషుల ప్రాణం మీదికి తెస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ చెబుతోంది. హైవేల మీద పశువుల్ని తీసేయాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నేను రెండుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రెండోది వచ్చినప్పుడు ఆవు మా మెట్ల మీదే పడుకుని ఉంది. ఎవరూ వచ్చి చూడకుండానే పరిష్కారమైందని ఎలా రాస్తారు? ఇంటి పన్ను ఒక నెల ఆలస్యమైతే మాత్రం గడప దాకా వస్తారు.

పాడి మీద బతికేవాళ్ల పొట్ట కొట్టమని నేను అడగడం లేదు. మేత బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి, గడ్డి కొనలేకపోతున్నారు, నాకు తెలుసు. ఊరి బయట వాళ్లకు ఉమ్మడి పాకలు వేసి, నీళ్లు, గడ్డి చూడండి. మొదటిసారి నోటీసు ఇవ్వండి. ఆ తర్వాత కూడా వదిలితే జరిమానా వేయండి. యజమాని తెలియదన్న మాట ఇంకోసారి అనొద్దు.

మా మెట్ల మీద పడుకున్న ఆవు ట్యాగు నంబరు, 12 అంకెలూ, కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఏ అధికారి వచ్చి అడిగినా ఇస్తాను.

— ఓ విశ్రాంత ఉపాధ్యాయిని