స్కాన్ రిపోర్టు చేతికిచ్చి పంపిస్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

నేను ఫిజియోథెరపిస్టును. రోడ్డు ప్రమాదంలోనో, పైనుంచి పడో నడుం దెబ్బతిన్నవాళ్లు వ్యాయామాల కోసం నా దగ్గరికి వస్తుంటారు. కూర్చోకముందే ఎమ్మారై కవరు తీసి, రిపోర్టులో ఎవరో పెన్నుతో గీత గీసిన వాక్యం చూపిస్తారు. ఎల్4-ఎల్5 (నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య) దగ్గర డిస్క్ ఉబ్బింది, నరాన్ని తాకుతోంది అని అందులో ఉంటుంది. "ఆపరేషన్ తప్పదా?" అన్నదే మొదటి ప్రశ్న. గీత గీసినవాళ్లు ఆ వాక్యానికి అర్థమేమిటో మాత్రం చెప్పి పంపరు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కు చుట్టూ గట్టి పీచు పొరలు, లోపల మెత్తటి పదార్థం ఉంటాయి. పొర చిట్లితే లోపలిది బయటికి తోసుకొచ్చి పక్కనున్న నరాన్ని ఒత్తుతుంది, నరం చుట్టూ వాపు కూడా వస్తుంది. అందుకే నొప్పి నడుములో ఆగకుండా పిరుదు, తొడ వెనకభాగం, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు పాకినట్టు దిగుతుంది. నడుములో అడుగున ఉన్న రెండు డిస్కులే ఎక్కువగా దెబ్బతింటాయి.

అయితే ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. 1994లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగం మందికి పైగా కనీసం ఒక డిస్కైనా ఉబ్బి ఉంది. వయసుతో ఇవి పెరుగుతాయి. నష్టపరిహారం కేసుల్లో లాగులాట మొదలయ్యేది ఇక్కడే. బీమావాళ్లు పాత అరుగుదల అంటారు, బాధితుడు దెబ్బ వల్లే అంటాడు. చాలాసార్లు ఒక్క ఫిల్మ్ చూసి ఇది తేల్చలేరు. పనికొచ్చేది, నరం దెబ్బతిందో లేదో చూసే మొదటి రోజు పరీక్ష. ఎముక విరగలేదని తేల్చుకున్నాక పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తి చూడటం, బొటనవేలు పైకి లేపమనడం, మునివేళ్ల మీద నిలబెట్టడం, తిమ్మిరి ఎక్కడుందో అడగడం. కొద్ది నిమిషాల పని. నేను చూసే డిశ్చార్జి కాగితాల్లో ఈ నాలుగు ముక్కలు రాసినవి అరుదు. ఖరీదైన స్కాన్ మాత్రం తప్పక ఉంటుంది!

వైద్యం విషయంలో జనం రెండు కొసలకు పోతారు. కొందరు నెలల తరబడి మంచం దిగరు. నరం ఒత్తుకుపోయినా, ఎముక విరగనప్పుడు ఒకటి రెండు రోజులకు మించి మంచాన ఉండటం మేలుకన్నా కీడే చేస్తుంది. నొప్పి మందులు, మెల్లగా నడక, తర్వాత వ్యాయామం, వీటితోనే ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో కాలు నొప్పి బాగా తగ్గుతుంది. బయటికొచ్చిన ముక్కను చాలామందిలో శరీరమే కరిగించుకుంటుంది, పెద్ద ముక్కలైతే ఇంకా ఎక్కువగా. నరం దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు.

ఆపరేషన్ పేరెత్తితే వణికిపోయేవాళ్లు రెండో రకం. ఆరు వారాలు దాటినా కాలు నొప్పి నిలవనీయకపోతే, లేదా పాదంలో బలం తగ్గుతూ పోతుంటే ఆపరేషన్ మంచి దారే. కాలు నొప్పి త్వరగా పోతుంది. బలం తగ్గనివాళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ మధ్య తేడా ఏడాది రెండేళ్లలో చాలావరకు తగ్గిపోతుంది కాబట్టి, తొందరపెట్టేవాళ్లను కారణం అడగడం రోగి హక్కు. కాలికి దిగని ఒట్టి నడుం నొప్పికి ఈ ఆపరేషన్ అంతగా పనిచేయదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగలవచ్చు. ఇది తెలియక "మందులతో తగ్గుతుందిలే" అని ఇంట్లో పడుకున్నవాళ్లను చూశాను.

ప్రమాదం కేసుల్లో ఇంటికి పంపే ప్రతి కాగితం మీద ఈ ప్రమాద లక్షణాలు తెలుగులో అచ్చువేయాలనీ, మొదటి పరీక్ష వివరాలు తప్పనిసరిగా రాయాలనీ ఆరోగ్యశాఖ ఆదేశించాలి. మీ పత్రికకూ ఒక మనవి. "ఆపరేషన్ లేకుండా డిస్క్ శాశ్వతంగా నయం" అనే ప్రకటనలు అచ్చువేసే ముందు, ఆ మాటకు ఆధారమేమిటో వాళ్లను ఒక్కసారి అడగండి.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు