కణాల మాటలు, నీ మౌనం

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. నేను పంపిన సందేశాలు నీకు చేరినట్టు ఫోను చూపిస్తూనే ఉన్నా, నీ నుంచి మాట రాక చాలా రోజులైంది. పని ఒత్తిడి అయివుంటుందని మనసుకు చెప్పుకొని, నీకిష్టమైన కణ సంకేతాల గురించే రాద్దామని కూర్చున్నాను.

సంకేతం అందడం వేరు, దానికి స్పందించడం వేరు. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది, కాని తగిన గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీను, ఉన్న కణమే దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు కూడా అది కాలేయ కణం లోపలికి పోదు. గడప దగ్గరే ఆగిన ఆ కబురును లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు అందుకొని, గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర గ్లూకోజుగా మారేటట్టు చేస్తుంది. ఈ సంగతి తేల్చిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది.

నువ్వు రాత్రిళ్లు సరిగా నిద్రపోవడం లేదని పిన్ని అన్నది. అది ఎంతవరకు నిజమో నువ్వే చెప్పాలి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త గుర్తుకొస్తున్నాడు. నరం తన ఆజ్ఞను గుండెకు విద్యుత్తుతో చేరవేస్తుందా, రసాయనంతోనా అన్నది ఆ రోజుల్లో తేలని ప్రశ్న. ఒక రాత్రి నిద్రలో ఆయనకు ఉపాయం తట్టింది. లేచి చిన్న కాగితం మీద గీసుకొని మళ్లీ పడుకున్నాడు, తెల్లవారాక చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మరుసటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన తిరిగి వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మకుండా, నేరుగా ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న తన ప్రయోగశాలకు వెళ్లాడు. రెండు కప్ప గుండెలను తీసి, ఒకదానికి గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడిని ఉంచి, దాన్ని ప్రేరేపించగా ఆ గుండె నెమ్మదించింది. ఆ గుండెలో నింపిన ద్రవాన్ని తీసి నాడి లేని రెండో గుండెకు అందించగానే, అదీ నెమ్మదించింది. ఆజ్ఞను మోసింది రసాయనమేనని రుజువైంది. అది ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తెలిసింది. ప్రయోగం 1921లో అచ్చయింది, 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు నోబెల్ దక్కింది. అంత గొప్ప ఆలోచన పడుకున్న మనిషికి వచ్చిందన్నది నువ్వు గమనించాలి.

సంకేతం మొదలవడం ఎంత అవసరమో, ఆగిపోవడమూ అంతే అవసరం. ఎసిటైల్‌కోలిన్ తన పని చెప్పిన మరుక్షణమే దాన్ని విరగ్గొట్టే ఎంజైము అక్కడే సిద్ధంగా ఉంటుంది. ఆ ఎంజైము పనిచేయకపోతే కండరాలు సడలలేక చివరికి ఊపిరే ఆగవచ్చు. సంకేతం అదే పనిగా మోగుతూ ఉంటే ఎన్నో కణాలు తమ గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటాయి. అర్ధరాత్రి దాకా తెర వెలుగు చూసే కంటి నుంచి మెదడుకు ఇంకా పగలేనన్న కబురు వెళ్తుంది, నిద్ర వేళను తెలిపే మెలటోనిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఇది నీకు తెలియనిది కాదు, అయినా చెప్పకుండా ఉండలేను: పడుకునే ముందే ఫోను పక్కన పెట్టు.

రక్తం తక్కువగా ఉందని పోయినసారి డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నావో లేదో రాయి. అయిపోయి ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకో, ఆ కాగితం నాకూ పంపు.

ఆశీస్సులతో,
నాన్న