25 హెచ్‌పీ బండి 35 అవుతుందని అమ్మిన పవర్ కిట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: హెచ్‌ఎంటీ జీటర్ 2511 ట్రాక్టర్‌కు మీరు అమ్మిన పవర్ కిట్ పనిచేయనందున డబ్బు వాపసు కోరడం.

అయ్యా,

మాది అనంతపురం జిల్లా శింగనమల మండలం. మా నాన్న కొన్న జీటర్ 2511 ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. షోకుకు పెట్టుకున్నది కాదు, సేద్యం చేసే బండే. రెండు సిలిండర్లు, 25 హెచ్‌పీ. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ యూనిట్‌ను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అప్పటినుంచి అసలు కంపెనీ సామాను దొరకడం గగనమైంది. అందుకే మీలాంటి వాళ్ళ దగ్గర కొంటున్నాం.

మీ కరపత్రంలో స్లీవ్‌లు (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టాలు), పిస్టన్లు మారిస్తే చాలు 25 హెచ్‌పీ 35 అవుతుందని, డీజిల్ ఖర్చు పెరగదని రాశారు. కిట్‌కు రూ. 26,500 కట్టాను. హెడ్డు గ్యాస్కెట్, ఆయిలు, మెకానిక్ కూలీ కలిపి ఇంకో రూ. 13,000 అయింది.

తొలకరి పడి పదును రాగానే వేరుశనగ చేనికి కల్టివేటర్ కట్టాం. రోడ్డు మీద ఒట్టి బండి బాగానే పోయింది. చేలో కల్టివేటర్ దించీ దించగానే సైలెన్సర్ నుంచి నల్లపొగ. సాలు చివరికి చేరేసరికి రేడియేటర్‌లో నీళ్ళు మరిగిపోతున్నాయి. పాత పిస్టన్లతో రెండో గేరులో లాగిన చోటే ఇప్పుడు ఒకటో గేరుకు దిగాల్సి వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఎర్రనేలలో పదును ఎవరి కోసమూ ఆగదు కాబట్టి పక్క ఊరి బండిని బాడుగకు పిలిపించి విత్తనం వేసుకున్నాం.

ఫోన్ చేస్తే మీ టెక్నీషియన్ చెప్పిన సలహాల గురించి ప్రత్యేకంగా రాయాలి. మొదట, పంపులో డీజిల్ స్క్రూ ఇంకో అర చుట్టు తిప్పమన్నాడు. అప్పటికే నల్లపొగ వస్తున్న బండికి ఇంకా డీజిల్ పోయమంటాడేమిటి? డీజిల్ కాలాలంటే దానికి తగినంత గాలి ఉండాలి. ఈ బండికి గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేదు, హెడ్డూ వాల్వులూ పాతవే. గాలి చాలక కాలని డీజిలే పొగగా వస్తుంది. వేడంతా పిస్టన్ తల మీద పడుతుంది, ముదిరితే పిస్టనే కరుగుతుంది. ఆ తర్వాత, ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ సెట్టింగ్ మార్చి ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెంచమన్నాడు. ఇంజిన్ ఆర్పీఎం పెరిగితే, మిషన్లను తిప్పే వెనక షాఫ్టు, అదే పీటీఓ, వేగం కూడా పెరుగుతుందని అతనికి తెలియదా? 540 ఆర్పీఎంకు తయారుచేసిన నూర్పిడి మిషన్‌ను అంతకు మించి తిప్పితే ఏమవుతుందో ఎవరు పూచీ? ఆ మిషన్ నోటి దగ్గర నిలబడి వేరుశనగ కట్టె అందించేది మా ఇంటి ఆడవాళ్ళు, కూలీలు. ఇలాంటి సలహా మీరు ఇంకే రైతుకూ ఇవ్వకండి.

ఇక మీ 35 సంగతి. పాత బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 95 మి.మీ., మీ పిస్టన్ 100 మి.మీ. స్ట్రోకు, అంటే పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం, 110 మి.మీ., అది మారలేదు. అంటే ఇంజిన్ 1560 సీసీ నుంచి 1728 సీసీకి వచ్చింది, పెరిగింది నూటికి 11 కూడా కాదు. అన్నీ సవ్యంగా కుదిరినా ఆ లెక్కన 25 హెచ్‌పీ 27.7 అవుతుంది. మిగతా ఏడు హెచ్‌పీ ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు?

ఆ 27 కూడా ఎందుకు రాలేదో ఇంజిన్ విప్పాక తెలిసింది. పాత పిస్టన్, మీ పిస్టన్ పక్కపక్కన పెట్టి రెండింటికీ ఒకే పిన్ను గుచ్చి, బల్ల మీద నిలబెట్టి చూశాం. మీది పొట్టిగా ఉంది. పిన్ను నుంచి తల దాకా వెర్నియర్‌తో కొలిస్తే 1.5 మి.మీ. తక్కువ. దానివల్ల పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా బ్లాకు అంచును అందుకోకుండా కిందే ఆగిపోతోంది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, పడిపోయింది. పొద్దున స్టార్ట్ కాకపోవడానికి, లోడు పడితే లాగకపోవడానికి ఇదే కారణం. ఇది వేరే ఇంజిన్ పిస్టన్ అయి ఉంటుందని మా మెకానిక్ అంటున్నాడు. ఫిట్టింగ్ తప్పని మీరు మెసేజ్ పెట్టారు. ఫిట్టింగ్ సరిగా లేకపోతే రింగులు విరగొచ్చు, గ్యాస్కెట్ పోవచ్చు, పిస్టన్ మాత్రం పొట్టిదవదు. కొలతలు కనిపించేలా తీసిన ఫొటోలు, బిల్లు, మీ కరపత్రం దీనికి జతచేశాను.

35 హెచ్‌పీ వచ్చినట్టు ఎక్కడ పరీక్ష చేయించారో ఆ రిపోర్టు పంపండి. వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ మా జిల్లాలోనే, గార్లదిన్నెలో ఉంది. రిపోర్టు లేకపోతే కరపత్రంలో ఆ అంకె తీసేయండి.

కిట్ ధర, బిగింపు ఖర్చు కలిపి రూ. 39,500 ఈ లేఖ అందిన 15 రోజుల్లో నా ఖాతాకు పంపాలి. లేదంటే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ట్రాక్టర్ వ్యాపారానికి వాడే వస్తువని వాదించి తప్పించుకుందామని చూడకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్నదాన్ని ఆ చట్టం వ్యాపారంగా లెక్కించదు.

మీ స్లీవ్‌లు, పిస్టన్లు తుడిచి, వచ్చిన డబ్బాలోనే పెట్టి ఉంచాను. మీ ఖర్చుతో మనిషిని పంపి తీసుకెళ్ళండి. డబ్బు ఖాతాలో పడకుండా మాత్రం ఇవ్వను.

ఇట్లు,
మీ కిట్ కొన్న రైతు,
శింగనమల మండలం, అనంతపురం జిల్లా.